బరంపురంలో ఫోర్డ్ మోడల్ టీ పునరుద్ధరణ: ఒక షెడ్డు పనితనం

మా పెదనాన్నగారి పెరటి కొట్టంలో దశాబ్దాలుగా కదలక పడివున్న ఫోర్డ్ మోడల్ టీ టూరింగ్ (మడత పైకప్పు ఉండే) కారును బరంపురంలో, గోపాల్‌పూర్ వెళ్లే దారిలో ఉన్న ఒక పాతకార్ల షెడ్డులో బాగు చేయించాము. చేతిలో ఉన్న పనికే మనుషులు చాలడం లేదు కనుక షెడ్డు పేరు రాయవద్దని దాని యజమాని కోరారు. గంజాం, గజపతి, రాయగడ జిల్లాలలో ఇటువంటి బండి ఇంట ఉన్న తెలుగువారి కోసం ఆ షెడ్డు మంచిచెడ్డలు ఇక్కడ రాస్తున్నాను.

బండి చేరగానే వారు పానా పట్టకుండా కాగితాలు అడిగారు. గంజాం 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి, 1914 మోటారు వాహనాల చట్టం కింద ఇచ్చిన తొలి కాగితాలు మద్రాసు సర్కారువి, తరువాతివి ఒడిశావి. ఒకే యజమాని ఇంటిపేరు రెండింటిలో రెండు విధాలుగా ఉంది. ఒక జమీందారీ దివానుగారి నుంచి బియ్యపు మిల్లు షావుకారికి, ఆయన నుంచి వకీలైన మా తాతగారికి బండి ఎలా చేతులు మారిందో రసీదులతో సహా వరుస కట్టి ఫైలు చేసి ఇచ్చారు. ఇంజన్ ఎడమ వైపున, నీరు లోపలికి వెళ్లే గొట్టానికి పైన చెక్కిన నంబరు మీద సుద్ద రుద్ది, అంకెలు తేలిన తరువాత కాగితంలోని నంబరుతో సరిపోల్చారు. మద్రాసు గుమాస్తా మూడును ఎనిమిదిగా రాసుకున్నట్లు అప్పుడు బయటపడింది.

ఆ నంబరు ముందు సీ అనే అక్షరం ఉంది. అంటే బండి అమెరికా డిజైనుదే అయినా తయారైనది కెనడాలో, ఒంటారియోలోని వాకర్‌విల్ ఫ్యాక్టరీలో. బ్రిటన్ మినహా బ్రిటిష్ సామ్రాజ్యపు దేశాలకు ఫోర్డ్ కార్లు పంపే హక్కు కెనడా కంపెనీది కనుక, కుడి చేతి స్టీరింగుతో మన దేశానికి వచ్చినవి అక్కడివే. బాడీ చెక్కలో తల మీద నలుచదరపు గుంట ఉన్న మరలు కనబడ్డాయి. రాబర్ట్‌సన్ మరలనే ఇవి కూడా కెనడావే. వీటికి సరిపడే స్క్రూడ్రైవరు బజారులో దొరక్కపోతే మేస్త్రీ ఉక్కు కడ్డీని ఆకురాయితో అరగదీసి తయారు చేసుకున్నాడే గాని, మరలు పీకి కొత్తవి బిగించలేదు. నాకు ఈ షెడ్డు మీద గురి కుదిరింది అక్కడే.

ఇత్తడి రేడియేటరు తగిలిస్తే పెళ్లి ఊరేగింపులకు అద్దెకు ఇవ్వవచ్చునని మా అన్నయ్య ముచ్చటపడ్డాడు. ఇత్తడి 1916 నాటి మోడళ్లతోనే ఆగిపోయిందని, 1920ల నాటి మా బండికి అది తగదని షెడ్డు యజమాని నిక్కచ్చిగా చెప్పారు. అద్దె మాట ఎలాగూ కుదరదు. 2021లో వచ్చిన వింటేజ్ (పాతకాలపు) వాహనాల నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, ఛాసిస్‌, బాడీ, ఇంజన్ మార్చని బండికే వీఏ అక్షరాలున్న నంబరు వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు. బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతులకు తప్ప నిత్యం తిప్పరాదు, కిరాయికి ఇవ్వరాదు. పాత బండ్లలో జీపు ఇంజన్ బిగించి చేతులు దులుపుకునేవారు ఈ సంగతి చెప్పరు.

ఇంజన్ పనికి వంక పెట్టలేను. 2.9 లీటర్ల నాలుగు సిలిండర్ల ఈ యంత్రం బలం ఇరవై హార్స్‌పవరే. అరిగిన వైట్ మెటల్ (మెత్తని మిశ్రమ లోహపు) బేరింగులను కరిగించి కొత్తగా పోసి, ఎక్కడ ఒరుసుకుంటున్నాయో తెలిసేలా నీలి రంగు పూసి, అంటిన చోటల్లా చేత్తో గీకి కూర్చారు. కరెంటు పుట్టించే ఫ్లైవీలు (ఇంజన్ చక్రం) మీది పదహారు అయస్కాంతాలను, సిలిండర్లకు స్పార్కు ఇచ్చే నాలుగు కాయిల్ పెట్టెలను అలాగే నిలిపి బాగు చేశారు. హ్యాండిల్ తిప్పగానే ఆ పెట్టెలు తుమ్మెదల్లా రొద పెడతాయి. స్పార్కు పడే వేళను మార్చే మీటతో దానిని ఆలస్యం చేయకుండా హ్యాండిల్ తిప్పితే అది ఎదురుతన్ని మణికట్టు విరుగుతుందని మా అందరి చేత అభ్యాసం చేయించిన తరువాతే బండి అప్పగించారు. సీటు కింది ట్యాంకు నుంచి పెట్రోలు పల్లానికి పారినట్లు కార్బ్యురేటరుకు చేరాలి, పంపు లేదు. అందుచేత పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు తప్తపాణి ఘాటు వంటి ఎత్తు ఎక్కాలంటే బండిని వెనక్కు తిప్పి రివర్సులో ఎక్కించాలని కూడా చెప్పారు. నవ్వాము గాని, మోడల్ టీ తోలినవారందరికీ తెలిసిన ఉపాయమే అది.

రంగు దగ్గర మాత్రం నిరాశ కలిగింది. నలుపే వేశారు, అది సరైనదే. కాని నేటి కార్లకు కొట్టే పెయింటు కొట్టి అద్దంలా మెరిపించారు. ఆ మెరుపు పక్కన పాత చెక్క చక్రాలు అరువు తెచ్చినట్లున్నాయి. హుడ్డుకు వేసిన రెగ్జిన్ ఆటో రిక్షా పైకప్పును తలపిస్తోంది. విప్పక ముందు అడుగు భాగం ఫొటోలు తీయలేదు. చరిత్ర ఫైలును అంత శ్రద్ధగా చేసినవారు దీనిని ఎలా మరిచారో తెలియదు. చెప్పిన గడువు బాగా దాటింది, బిల్లు కూడా అంచనాకు దాదాపు పావు వంతు మించింది, అయితే ప్రతి పద్దుకూ రసీదు చూపించారు.

ఇంజన్, చెక్క పని, కాగితాల వ్యవహారం వీరికి నిశ్చింతగా అప్పగించవచ్చు. రంగు నమూనాను ఒక రేకు మీద వేయించి, ఎండలో చూసి, మీరు సంతకం పెట్టిన తరువాతే బాడీ మీద వేయాలని ముందే రాయించుకోండి. హుడ్డు గుడ్డ మాత్రం మీరే కొని ఇవ్వండి.