జుగుప్సకు కళలో చోటు: కాంట్ మాట మేలా, భరతుడి మాట మేలా?

జర్మన్ తత్వవేత్త కాంట్ 1790లో వచ్చిన తన గ్రంథం 'క్రిటిక్ ఆఫ్ జడ్జ్‌మెంట్'లో ఒక గీత గట్టిగా గీశాడు. రోగాలు, యుద్ధ విధ్వంసం లాంటివి కూడా కళలో అందంగా చూపించవచ్చు, అసహ్యం పుట్టించేదాన్ని మాత్రం కుదరదు, చూపిస్తే సౌందర్యానుభవం అక్కడితో సరి అన్నాడు. భరతుడి నాట్యశాస్త్రం దీనికి పూర్తిగా ఎదురు. జుగుప్స, అంటే అసహ్యం, స్థాయీభావంగా (రసానికి మూలమైన భావంగా) ఉన్న బీభత్సాన్ని భరతుడు ఎనిమిది రసాల్లో చేర్చి ఊరుకోలేదు. శృంగార, రౌద్ర, వీరాలతో పాటు నాలుగు మూల రసాల్లో నిలబెట్టి, భయానకం దాని నుంచే పుడుతుందన్నాడు.

నా మొగ్గు భరతుడి వైపే. కానీ కాంట్‌ను అంత తేలిగ్గా తీసిపారేయలేం. అసహ్యమైనది 'నన్ను ఆస్వాదించు' అని మీద పడుతుంటే మనం వద్దని పెనుగులాడతాం, ఆ పెనుగులాటలో బొమ్మకీ అసలుకీ తేడా చెరిగిపోతుందని ఆయన వాదన. ఇది నిజం. తెర మీద పులిని చూసి 'ఉత్తదేలే' అనుకుంటే భయం చాలావరకు దిగిపోతుంది. పురుగులు లుకలుకలాడే పుండు బొమ్మ ముందు అదే మాట ఎన్నిసార్లు అనుకున్నా కడుపులో తిప్పడం ఆగదు. తత్వవేత్త ఆరెల్ కోల్నాయ్ అసహ్యం మీద రాసిన 1929 నాటి వ్యాసంలో దీని గుట్టు పట్టుకున్నాడు. భయానికి ఆ వస్తువు నిజంగా ఉందా, హాని చేస్తుందా అన్నది ముఖ్యం. అసహ్యానికి అది ఎలా ఉందన్నదే ముఖ్యం. ఆ జిగట, ఆ కుళ్లు బొమ్మలోనూ కళ్లకు కడతాయి కదా.

చిక్కల్లా ఇక్కడి నుంచి 'కాబట్టి కళ కాదు' అనేయడంలోనే. ఫ్రెంచ్ చిత్రకారుడు షార్డాన్ 1728లో ప్రదర్శించిన టేకు చేప (బల్లపరుపుగా ఉండే సముద్రపు చేప) చిత్రం చూడండి. కొక్కేనికి వేలాడుతున్న చేప, చీల్చిన పొట్టలో ఎర్రగా మెరిసే పేగులు, మనిషి ముఖంలా దీనంగా కనిపించే దాని అడుగు భాగం, పక్కన ఒళ్లు జలదరించినట్టు నిక్కిన పిల్లి. 1763లో దీని గురించి రాస్తూ ఫ్రెంచ్ రచయిత, కళా విమర్శకుడు దిదెరో, వస్తువు అసహ్యమైనదే కానీ ఇది చేప మాంసమే, చర్మమే, రక్తమే అన్నాడు. అసలును చూసినా ఇంతకంటే వేరుగా అనిపించదన్నాడు. అంటే కాంట్ చెప్పబోయే లక్షణాన్నే ఆయన ముందుగా చూశాడు, చూసి దాన్నే మెచ్చుకున్నాడు! అసహ్యం చూపును తరిమేయడమే కాదు, మళ్లీ అక్కడికే లాగుతుంది కూడా.

భరతుడి పక్షంలోనూ ఒక లోటుంది. ప్రేక్షకుడు 'నాది, పరాయిది' అన్న తేడా మరిచిపోతాడని తర్వాతి రసవాదులు చెప్పారు. శోకానికి ఇది చక్కగా సరిపోతుంది. కానీ కడుపులో తిప్పేది నాకే, దాన్ని మరిచేదెలా? ఈ ఖాళీని అమెరికన్ తత్వవేత్త కరోలిన్ కోర్స్‌మేయర్ 2011లో వచ్చిన పుస్తకంలో బాగా పూరించారనిపిస్తుంది. అసహ్యం ఇంకేదో తీపిగా మారక్కర్లేదు, అసహ్యంగానే ఉండి మన శరీరాలూ కుళ్లేవేనన్న ఎరుకను ఒంటికి తగిలేలా చేస్తుందంటారామె.

ఒక్కచోట మాత్రం కాంట్ హెచ్చరిక ఇప్పటికీ పనికొస్తుంది. జనాన్ని ఉలిక్కిపడేలా చేయడం తప్ప ఇంకే ఉద్దేశమూ లేకుండా రోత గుమ్మరించిన పనులున్నాయి. వాటి నుంచి ముఖం తిప్పుకున్నాక రెండోసారి చూడబుద్ధి కాదు.