ఐడీపీ ఫారం: ఏళ్ల తరబడి నింపాక, నింపించాక

ఐటీ ఉద్యోగికి ఏప్రిల్ వచ్చిందంటే రెండు ఫారాలు తప్పవు. ఒకటి గోల్ షీట్. రెండోది ఐడీపీ, అంటే ఇండివిడ్యువల్ డెవలప్‌మెంట్ ప్లాన్. మొదటిది హైక్‌కి, అంటే జీతం పెంపుకి సంబంధించింది కాబట్టి అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని నింపుతారు. రెండోది హెచ్‌ఆర్ రిమైండర్ల మీద రిమైండర్లు పంపాక, పోయినేడాది రాసిందే కాపీ కొట్టి సబ్మిట్ చేస్తారు. నేను హైదరాబాద్‌లో మాన్యువల్ టెస్టర్‌గా, అంటే సాఫ్ట్‌వేర్‌ని చేత్తోనే పరీక్షించి తప్పులు పట్టే పనిలో చేరి, ఇప్పుడు ఒక చిన్న టీమ్‌కి లీడ్‌గా ఉన్నాను. ఈ ఫారాన్ని నింపానూ, నింపించానూ.

మా ఫారం 70-20-10 లెక్కలో ఉంటుంది. నేర్చుకునేదాంట్లో 70 వంతులు పని చేస్తూ, 20 తోటివాళ్ల దగ్గర, 10 క్లాసుల్లో అని. 1980లలో అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ వాళ్లు పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లని ‘మీరెలా నేర్చుకున్నారు’ అని అడిగితే వచ్చిన జవాబుల నుంచి పుట్టిన లెక్క ఇది. కాబట్టి అంకెల్ని పట్టుకుని వేలాడక్కర్లేదు. తమాషా ఏంటంటే, ఫారంలో అందరూ శ్రద్ధగా నింపేది ఆ పది గడినే. 70 గడిలో ‘ఆన్ ద జాబ్ లెర్నింగ్’ అని నాలుగు ముక్కలు రాసి వదిలేస్తారు.

కోర్సులు పనికిరావని కాదు. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) అసోసియేట్ పరీక్షకి 150 డాలర్లు, సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. పాసైతే మా కంపెనీ ఫీజు తిరిగిస్తుంది, క్లయింట్ ఇంటర్వ్యూలో రెజ్యూమెకి బలం. నన్నడిగితే ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో నడిపే ఎన్‌పీటెల్ కోర్సులు ఇంకా నయం. వారం వారం అసైన్‌మెంట్లు, చివర సెంటర్‌కి వెళ్లి కూర్చుని రాసే పరీక్ష ఉంటాయి కాబట్టి నిజంగా చదవాల్సి వస్తుంది. కానీ మా లెర్నింగ్ పోర్టల్‌కి అవి లెక్కలోకి రావు. ఒక విండోలో వీడియో దానంతటది ఆడుతుంటే పక్క విండోలో బగ్‌లు లాగ్ చేసుకునే గంటలు మాత్రం వస్తాయి!

నాకు ఐడీపీ పనిచేసింది ఆటోమేషన్‌లోకి, అంటే టెస్టులని ప్రోగ్రామ్ చేత నడిపించే పనిలోకి మారినప్పుడు. అంతకుముందు దానికి వాడే సెలీనియం అనే టూల్ మీద కోర్సు చేశాను గానీ ప్రాజెక్టులో అంతా మాన్యువలే, వాడక మర్చిపోయాను. తర్వాతి ఏడాది మా లీడ్ 70 గడిలో స్పష్టంగా రాయించారు: రిగ్రెషన్‌లో (కొత్త మార్పుల వల్ల పాతవి పాడవలేదని మళ్లీ చేసే టెస్టుల్లో) లాగిన్, పేమెంట్ కేసులు ఆటోమేట్ చేయాలి, ప్రతి స్ప్రింట్‌లో (కొన్ని వారాల పని విడతలో) ఒక రోజు దానికే. ఆ రోజుని స్ప్రింట్ ప్లానింగ్‌లోనే పక్కన పెట్టారు. అసలు మందు అదే. లీడ్ అయ్యాక నేనూ అదే చేశాను. మా టీమ్‌లో ఒకమ్మాయి మెటర్నిటీ లీవ్ నుంచి వచ్చి బిజినెస్ అనలిస్ట్ (బీఏ), అంటే క్లయింట్‌కి ఏం కావాలో కనుక్కుని రాసిపెట్టే మనిషి అవుతానంది. రిక్వైర్‌మెంట్ కాల్స్‌లో కూర్చోబెట్టి, చిన్న ఫీచర్లకి యూజర్ స్టోరీలు (వాడేవాళ్లకి ఏం కావాలో చెప్పే చిన్న వివరణలు) తనతోనే రాయించి, బీఏ చేత దిద్దించాం. ఇప్పుడు వేరే ప్రాజెక్టులో బీఏ.

లోపాలకి కొదవ లేదు. మేనేజర్ మారితే ప్లాన్ గాల్లో కలిసిపోతుంది, కొత్తాయన పాతది తెరిచి కూడా చూడడు. పూర్తి బిల్లింగ్‌లో ఉన్నవాడికి (ప్రతి పనిగంటకీ క్లయింట్ దగ్గర డబ్బు వసూలయ్యేవాడికి) వారానికి ఒక గంట ఇమ్మన్నా డెలివరీ వాళ్లకి టెన్షన్. ఇక ఐడీపీని రేటింగ్‌కి ముడిపెడితే దాని పని అయిపోయినట్టే. కష్టమైంది రాసి సగంలో ఆగితే రేటింగ్ పోతుందని, ముందే వచ్చిన విద్యనే లక్ష్యంగా రాసుకుంటారు. ‘ఈ టీమ్‌లో ఉండాలని లేదు’ అన్న నిజాన్ని ఆ ఫారంలో ఎవరు రాస్తారు చెప్పండి?

ఐడీపీకి ఐదుకి మూడు ఇస్తాను. ఆ మూడూ 70 గడికే. మీ మేనేజర్‌తో కూర్చున్నప్పుడు కోర్సుల సంగతి తర్వాత, ముందు ఏ పని ఇస్తారు, ఎవరు రివ్యూ చేస్తారు, ప్లానింగ్‌లో ఎన్ని గంటలు పెడతారు అని అడిగి, ఒప్పుకున్నది మెయిల్‌లో పెట్టించుకోండి.

ఈ ఏడాది మా పోర్టల్‌లో ఏఐ వచ్చి కోర్సులు తనే సూచిస్తోంది. ఏళ్లుగా జావాలో స్క్రిప్టులు రాస్తున్న నాకు ‘జావా తొలి పాఠాలు’ చూపించింది. దాని సంగతి ఇంకో ఏడాది వాడాక రాస్తాను.