పాత బండికి వేరే ఇంజిన్: చాన్నాళ్లు నడిపాక నా అభిప్రాయం

ముందే తేల్చి చెప్తాను. బైకు చాసిస్ గట్టిగా ఉండి, ఆ బండిని వదులుకోవడం ఇష్టం లేకపోతే, పాత ఇంజిన్ దించి అదే మోడల్ సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఎక్కించడం కొత్తగా పానా పట్టినవాళ్లు కూడా చేయగల పనే. నేను చేశాను. ఎండలూ వానలూ చాలా గడిచాయి, ఇప్పటికీ ఆ బండే నడుపుతున్నాను. ఇంతవరకు ఇంజిన్ లోపలి నుంచి పేచీ రాలేదు. వచ్చినవన్నీ ఆ ఇంజిన్ నా పాత బండితో కలిసే చోట్లే వచ్చాయి: వైర్లు, రబ్బర్లు, బోల్టులు, సైలెన్సర్ మూతి. అందుకే ఇక్కడ ఎక్కువగా వాటి గురించే రాస్తున్నాను.

నాది ఎయిర్ కూల్డ్ సింగిల్ సిలిండర్, కార్బురేటర్ బండి. పాత ఇంజిన్లో కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోయి దడదడ కొట్టుకునేది, పైగా నీలం పొగ. దాన్నే బాగు చేయించొచ్చు, నిజమే. కానీ క్రాంకు (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు) విడదీసి కొత్త రాడ్ ఎక్కించాలంటే ప్రెస్ కావాలి, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం) పెద్దది చేయాలంటే దానికో మిషన్ కావాలి. అవి ఇంట్లో అయ్యే పనులు కావు. ఇంజిన్ మొత్తంగా మార్చడానికి చేతి పనిముట్లు, ఒక జాకీ, ఇంకో మనిషి ఉంటే చాలు.

ఇంజిన్ ఎంచుకోవడం దగ్గరే సగం పని ఉంది. "ఫుల్ కండిషన్" అని అమ్మేవాళ్లు అందరూ అంటారు, ఆ మాటకు విలువ లేదు. ప్లగ్ తీసి కంప్రెషన్ గేజ్ (సిలిండర్లో ఒత్తిడి కొలిచే మీటరు) పెట్టి కిక్ కొట్టి చూడాలి. విడిగా ఉన్న ఇంజిన్‌కు కార్బురేటర్ ఉండదు కాబట్టి గాలికి అడ్డు లేదు. బండి మీదే ఉంటే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకోవాలి, లేకపోతే రీడింగ్ తక్కువ చూపిస్తుంది. రీడింగ్ తక్కువొస్తే ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. అప్పుడు పెరిగితే రింగులు, బోరు అరిగినట్టు. పెరగకపోతే అనుమానం వాల్వుల మీదికి పోతుంది. ఆ తర్వాత మ్యాగ్నెట్ (క్రాంకు చివర తిరుగుతూ కరెంటు పుట్టించే అయస్కాంత చక్రం) కవర్ విప్పి క్రాంకు చివర పట్టుకుని పైకీ కిందికీ ఊపాను. అక్కడ లూజు ఉంటే ఆ ఇంజిన్ జోలికి పోవద్దు. ముందు వైపు స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే పళ్ల చక్రం) షాఫ్ట్‌ను చేత్తో తిప్పుతూ గేర్లన్నీ వేసి చూశాను. ఆగిన ఇంజిన్లో షాఫ్ట్ తిప్పకపోతే గేర్లు సరిగ్గా పడవు, దాన్ని చూసి గేర్‌బాక్స్ పోయిందనుకోకండి.

దించేటప్పుడు ఎక్కువ కష్టపెట్టేది తుప్పు. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి, ట్యాంకు పక్కన పెట్టండి, ఆయిల్ దించండి. చైన్ తీయకముందే, గేర్లో పెట్టి వెనక బ్రేకు తొక్కిపట్టి, ముందు స్ప్రాకెట్ బోల్టులు వదులు చేసుకోండి. చైన్ తీశాక ఆ షాఫ్ట్‌ను పట్టి ఆపేది ఏదీ ఉండదు. సైలెన్సర్ స్టడ్ల నట్ల మీద తుప్పు వదిలే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున ముందు కాస్త బిగించి, చిటుక్కుమన్నాక వెనక్కి తిప్పితే వచ్చాయి. అల్యూమినియం హెడ్డులో స్టడ్ విరిగితే దాన్ని బయటికి తీయడం ఈ మొత్తం పనికంటే పెద్ద తలనొప్పి, కాబట్టి అక్కడ బలం చూపించకండి.

కింది పొడుగాటి మౌంటింగ్ బోల్టు గురించి విడిగా చెప్పాలి. నట్టు వచ్చేసింది, బోల్టు గుండ్రంగా తిరుగుతోంది, బయటికి మాత్రం రాదు. సుత్తితో కొడితే మరలు చితుకుతాయి. ఇంజిన్ కింద చెక్క ముక్క పెట్టి జాకీని ఒక్క పిసరు లేపి చూశాను, కదల్లేదు. ఇంకో పిసరు లేపగానే బరువంతా బోల్టు మీద నుంచి తప్పుకుంది, ఆ బోల్టు రెండు వేళ్లతో పట్టుకుని లాగితే జారి వచ్చేసింది. ఎక్కించేటప్పుడూ అదే కిటుకు. ఇలాంటి చిన్న ఇంజిన్ పాతిక ముప్పై కిలోలు ఉంటుంది. ఒక్కరే మోసి రంధ్రాలు కలపాలంటే నడుము పోతుంది.

బిగించేటప్పుడు మౌంటింగ్ బోల్టులన్నీ ముందు చేత్తోనే ఎక్కించి, ఇంజిన్ తన చోట సర్దుకున్నాక ఒక్కొక్కటీ బిగించాలి. ఒకటి పూర్తిగా బిగిస్తే మిగతా రంధ్రాలు కలవవు, కలిసినా బండి వణుకుతుంది. టార్క్ అంకెలు మీ బండి మాన్యువల్‌లో చూడండి. ఏ అంకే ఇవ్వని మామూలు బోల్టులకైతే 6 ఎంఎంకు 10, 8 ఎంఎంకు 22 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగొచ్చు. 6 ఎంఎం బోల్టు పొడుగు పానాతో ఎంత తేలిగ్గా తెగిపోతుందో చూస్తే టార్క్ రెంచ్ దండగ అనిపించదు.

ఇక వైరింగ్. అసలు టెన్షన్ ఇక్కడే. మోడల్ పేరు ఒకటే అయినా ఏడాది మారితే లోపల మారొచ్చు. సీడీఐ అంటే ప్లగ్‌కు సరైన సమయంలో స్పార్క్ పంపే ఎలక్ట్రానిక్ డబ్బా. ఏసీ సీడీఐ బండిలో స్పార్క్‌కు కావలసిన కరెంటు మ్యాగ్నెట్ దగ్గరున్న కాయిల్ నుంచి వస్తుంది, డీసీ సీడీఐలో బ్యాటరీ నుంచి వస్తుంది. నా పాతది ఏసీ, తెచ్చిన ఇంజిన్ డీసీది. వైర్లు కలిపే కప్లర్ అతికినట్టు సరిపోయింది, స్పార్క్ మాత్రం లేదు. వైర్లు కోసి కలపకుండా, పాత ఇంజిన్ మ్యాగ్నెట్, కాయిల్ ప్లేటు రెండూ సెట్టుగా తీసి కొత్తదానికి వేశాను. రెండు క్రాంకుల చివర మ్యాగ్నెట్ కూర్చునే టేపరూ (వాలు), కీ గాడీ ఒకేలా ఉన్నాయి కాబట్టి కుదిరింది. దీనికి మ్యాగ్నెట్ పుల్లర్ తప్పనిసరి, స్క్రూడ్రైవర్‌తో ఎగదోస్తే క్రాంకు చెడుతుంది.

స్టార్ట్ చేసే ముందు ట్యాపెట్లు (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు) చూసుకోండి. ఇంజిన్ చల్లగా ఉండాలి, పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్ పైన ఉండాలి. ఆయిల్ జాసో ఎంఏ (బైకు ఆయిల్‌కు ఉండే ఒక ప్రమాణం, డబ్బా మీద రాసి ఉంటుంది) రకం పోయండి. క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్లోనే తిరుగుతాయి, జారుడు ఎక్కువున్న కారు ఆయిల్ పోస్తే క్లచ్ పట్టదు. ప్లగ్ తీసి కాసేపు కిక్ కొడితే ఆయిల్ పైదాకా ఎక్కుతుంది.

నడుపుతుంటే ఎలా ఉంది? పికప్ బాగుంది, గేర్లు మెత్తగా పడుతున్నాయి, పొగ లేదు. మొదటి ఆయిల్ తొందరగానే మార్చేశాను. అందులో సన్నటి మెరుపు పొడి కనిపించింది, తర్వాతి ఆయిల్లో లేదు. కొన్నాళ్లకు స్లో నిలకడ తప్పింది: యాక్సిలరేటర్ వదిలినా ఆర్పీఎం నెమ్మదిగా దిగేది. కార్బురేటర్ విప్పి కడిగినా మారలేదు. చివరికి చూస్తే కార్బురేటర్‌కూ హెడ్డుకూ మధ్య ఉండే రబ్బరు కింది వైపు పగిలి గాలి లాగుతోంది. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది మరి! దానికి తోడు సైలెన్సర్ మూతి దగ్గర పటపట శబ్దం మొదలైంది, రాగి గ్యాస్కెట్ మార్చి నట్లు బిగిస్తే పోయింది. మౌంటింగ్ బోల్టులు కొత్తలో ఒకసారి వదులయ్యాయి, మళ్లీ బిగించాక కదల్లేదు. ఒకసారి వానలో సెల్ఫ్ తిరగడం మానేసింది. చాసిస్ మీద ఎర్త్ వైరు కూర్చునే చోట రంగు, తుప్పు గీకి బిగిస్తే పని చేసింది. ఇంజిన్‌తో పాటే ఆ రబ్బరు, గ్యాస్కెట్, చైన్ సెట్ కొత్తవి వేసేయమని నా సలహా.

ఒక కాగితం పని కూడా ఉంది. చాలా చోట్ల బండి రిజిస్ట్రేషన్‌లో ఇంజిన్ నంబరు ఉంటుంది. కొన్న రసీదు దాచుకుని, నంబరు మార్పించుకున్నాకే రోడ్డెక్కించండి. గీకేసిన నంబరున్న ఇంజిన్ ఎంత చవకగా వచ్చినా వద్దు.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లకు, వేరే మోడల్ ఇంజిన్ ఇరికించాలనుకునేవాళ్లకు ఈ మాటలు వర్తించవు. అక్కడ సెన్సర్లు, మౌంటింగులు, చైన్ లైను అన్నీ కొత్త లెక్కలే.

ప్రస్తుతం గేర్ షాఫ్ట్ సీలు దగ్గర కొద్దిగా ఆయిల్ చెమ్మ ఉంది. నేల మీద చుక్క పడేంత కాదు. నా ఇంజిన్లో ఆ సీలు బయటి నుంచే మార్చొచ్చు కాబట్టి తెచ్చి పెట్టుకున్నాను, ఈసారి చైన్ విప్పినప్పుడు వేసేస్తాను.