మట్టి మిద్దె, రేకుల గది: లేమిని కొలవడానికి ఏ లెక్క మేలు?

అనంతపురం జిల్లాలో మా అమ్మమ్మది మట్టి మిద్దె. మూరెడు మందం గోడలు, పేడతో అలికిన నేల. ఏటా వానలకు ముందు మిద్దె మీద చవుడు పోసేవాళ్లు. పోయని ఏడు ఇంట్లో గిన్నెలన్నీ కారే చోట్ల కిందికే చేరేవి. అయినా మే నెల మధ్యాహ్నం లోపల హాయిగా కునుకు పట్టేది.

హైదరాబాదులో నేను అద్దెకున్నప్పుడు పక్క పోర్షన్ ఒకటే గది. ఇటుక గోడలు, షాబాద్ బండలు, పైన సిమెంటు రేకులు. అందులో ఐదుగురు. ఫ్యాను వేస్తే రేకుల వేడి నెత్తిన దిగేది. పెద్ద పిల్లవాడు పదో తరగతి పరీక్షలకు మెట్ల మీద కూర్చుని చదివాడు.

ఈ రెండిళ్లలో లేమి ఎక్కడుంది? జాతీయ నమూనా సర్వే దృష్టిలో గోడలు, పైకప్పు రెండూ పక్కావైతే ఇల్లు పక్కా. సిమెంటు రేకు పక్కా కిందికే వస్తుంది కాబట్టి గది గట్టెక్కుతుంది, మిద్దె తప్పుతుంది. ఆదాయాన్ని కాక ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణాలను చూసి పేదరికాన్ని కొలిచే అంతర్జాతీయ బహుముఖ పేదరిక సూచీ 2010లో మొదలైనప్పుడు ఇంటికి సంబంధించి నేలనే చూసేది. 2018లో గోడలు, పైకప్పు చేర్చారు. మూడింటిలో ఒక్కటి నాసిగా ఉన్నా లేమే. గదికి ఎందరన్నది మాత్రం ఇప్పటికీ అందులో లేదు.

ఐక్యరాజ్యసమితి ఆవాస సంస్థ మురికివాడలను గుర్తించేటప్పుడు ఆ ప్రశ్నే వేస్తుంది: గదికి ముగ్గురు మించితే ఇరుకు. 2011 జనగణన నాటికి దేశంలో సుమారు 37 శాతం కుటుంబాలది ఒంటిగది బతుకు. నగరంలోనైతే నా ఓటు ఈ లెక్కకే. మెట్ల మీది చదువును రేకులు, బండలు చూసి పట్టుకోలేం.

పల్లెలో అది అంతగా పనికిరాదు. ఎండాకాలం ఇల్లంతా ఆరుబయట మంచాల మీదే కదా! అక్కడ నేల, కప్పు చూడడమే నయం. అమ్మమ్మ మీద ప్రేమ కొద్దీ మట్టి నేలను వెనకేసుకు రాలేను. మెక్సికోలో 'పీసో ఫిర్మె' పథకం కింద మట్టి నేలలకు సిమెంటు వేయించాక పిల్లల్లో నులిపురుగులు, విరేచనాలు, రక్తహీనత తగ్గాయి.

తరువాత మామయ్య మిద్దె తీయించి స్లాబు వేయించాడు. ఇప్పుడు వానకు గిన్నెలు పరచనక్కరలేదు. మే నెల మధ్యాహ్నం మాత్రం ఇంటిల్లిపాదీ వేపచెట్టు కిందే.