క్యానా, పైపా, జగ్గా: డాబా మీది మొక్కలకు ఏది మేలు?

12 అంగుళాల కుండీకి ఏప్రిల్‌లో పూటకు లీటరున్నర నీళ్ళైనా పట్టాలి. డాబా మీద అలాంటివి 30 ఉంటే 45 లీటర్లు, అంటే 45 కిలోల బరువు. నల్లగొండలో ఎండ 44, 45 డిగ్రీలకు పోయే మే నెలలో ఒక్క పూట పోస్తే సరిపోదు, పొద్దున ఒకసారి, పొద్దుగూకినాక ఇంకోసారి పోయాలి. మొక్కల మీద జల్లుగా పోసే గొట్టం క్యాన్ కొనాలా, పైపు కొనాలా, ఇంట్లో ఉన్న జగ్గుతోనే కానిద్దామా అని అడిగేవాళ్ళు ముందు ఈ బరువు సంగతి చూసుకోవాలి. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా చూసుకోవాలి. బోరు నీళ్ళకు పనికొచ్చే సామాను వేరు, నల్లా నీళ్ళకు వేరు. రంగు, షేపు చూసి కొంటే ఆర్నెల్లకు అది మూలన పడుతుంది.

మా పెద్దమ్మ ఇప్పటికీ బకెట్, జగ్గుతోనే పోస్తుంది. క్యాన్ తెచ్చిస్తానంటే, "అది నిండినంక ఎవరు ఎత్తుతరు బిడ్డా? నా జగ్గు నాకు సాలు" అంటుంది. ఆమె మాటలో న్యాయం ఉంది. బకెట్‌ను నల్లా దగ్గరి నుంచి ఒకసారి లాక్కొచ్చి కుండీల నడుమ పెట్టుకుంటే, చేతి మీద పడే బరువు ఒక్క జగ్గుది, అంటే కిలో. పైగా లెక్క తెలుస్తుంది. టమాటకు జగ్గు నిండా, కలబందకు పావు జగ్గు, అది కూడా రెండు మూడు రోజులకోసారి. క్యాన్‌తో ఈ లెక్క కుదరదు, చేతి అందాజా మీద నడవాల్సిందే.

కానీ జగ్గు నీళ్ళు ఒక్కసారిగా పడతాయి. మన దగ్గర కుండీల్లో నింపేది ఎక్కువగా ఎర్ర చెల్క మట్టి. దాని మీద నీళ్ళు బలంగా పడితే గుంత పడుతుంది, వేళ్ళు బయటికి తేలతాయి. అంతకంటే పెద్ద తంటా ఇంకొకటుంది. సన్నమట్టి పైకి తేలి, ఎండగానే అట్టకడుతుంది. ఆ తర్వాత పోసిన నీళ్ళు లోపలికి ఇంకవు, కుండీ అంచు వెంబడి జారి కింది రంధ్రంలోంచి పోతాయి. డాబా తడుస్తుంది, మొక్క మాత్రం వాడిపోయే ఉంటుంది. దీనికి పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. కుండీలో ఒక పక్కన పెంకు ముక్కో, కొబ్బరి చిప్పో బోర్లించి, నీళ్ళు దాని మీద పోయాలి. దెబ్బంతా పెంకు మీద పడి, మట్టికి చేరేసరికి నీళ్ళు నెమ్మదిస్తాయి. పెద్ద మొక్కలకు ఈ పద్ధతిలో జగ్గును మించింది లేదు.

తోటకూర, మెంతి, పాలకూర లాంటి ఆకుకూరల మడికి మాత్రం జగ్గు పనికిరాదు. తోటకూర విత్తనం ఆవగింజ కంటే చిన్నది. పెంకు పెట్టినా, ఎంత మెల్లగా పోసినా విత్తనాలన్నీ కొట్టుకుపోయి ఒక మూలన గుంపుగా మొలుస్తాయి. అక్కడ జల్లు పడాలి. అందుకు క్యాన్ కావాలి.

క్యాన్ కొనేటప్పుడు చాలామంది ఎన్ని లీటర్లని మాత్రమే అడుగుతారు. పది లీటర్లదైతే రెండు ట్రిప్పులు తప్పుతాయని లెక్క వేసుకుంటారు. నిండు క్యాన్ బరువు పది కిలోలు దాటుతుంది, దాన్ని ఒక చేత్తో వంచి పట్టుకోవాలి. మణికట్టుకు అది మంచిది కాదు. నన్నడిగితే ఐదు లీటర్లవి రెండు కొని, చేతికొకటి పట్టుకోండి. రెండు పక్కలా బరువు సమంగా ఉంటే నడుము మీద పడదు. ట్రిప్పులు పెరగవు, నొప్పి తగ్గుతుంది.

దుకాణంలో సైజు కంటే ముందు చూడాల్సింది గొట్టం ఎత్తు. గొట్టం కొస క్యాన్ నీళ్ళ మట్టం కంటే పైన ఉండాలి. కింద ఉంటే, క్యాన్ నింపుతుంటేనే నీళ్ళు గొట్టంలోంచి కారిపోతాయి. ఐదు లీటర్లని రాసినా మీకు పట్టేవి నాలుగే. బజారులో చవగ్గా దొరికే క్యాన్లలో చాలావాటికి ఈ లోపం ఉంటుంది. గొట్టం పొడుగ్గా ఉంటే వెనక వరుస కుండీలకు కూడా ముందు నుంచే అందుతుంది. పొట్టి గొట్టమైతే ముందు వరుస మొక్కల మీద పడుకోవాల్సిందే.

తర్వాత పిడి చూడాలి. పైన ఒకటి, వెనక ఒకటి విడివిడిగా ఉంటే మోసేటప్పుడు ఒకటి, వంచేటప్పుడు ఇంకొకటి పట్టుకోవాలి. పై నుంచి వెనక దాకా ఒకే పిడి వంపుగా వచ్చినదైతే చెయ్యి దాని వెంట జరుగుతుంది, రెండో చెయ్యి ఖాళీగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో జాన్ హాస్ అనే ఆయన 1886లో ఇలాంటి పిడి ఉన్న క్యాన్‌కు పేటెంట్ తీసుకున్నాడు. నీళ్ళు తగ్గుతున్నకొద్దీ బరువు ఎటు జరుగుతుందో ఆలోచించి చేసిన పని అది. ఇప్పుడు దొరికే ప్లాస్టిక్ క్యాన్లలోనూ ఆ నమూనా కనిపిస్తుంది, వెతికి తీసుకోవాలి.

జల్లెడ సంగతికి వస్తే, గొట్టం కొసకు తగిలించే ఆ చిల్లుల మూతను ఊడదీయగలిగితేనే క్యాన్ కొనండి. అతికించేసిన జల్లెడ ఉన్నది ఉచితంగా ఇచ్చినా వద్దు. దానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, జల్లెడ పెట్టుకుంటే మొలకలకు, తీసేస్తే పెద్ద మొక్కల మొదట్లో ధారగా, ఒకే క్యాన్ రెండు పనులు చేస్తుంది. వంకాయకు, బెండకు ఆకుల మీద జల్లు కొట్టాల్సిన పనిలేదు, నీళ్ళు కావాల్సింది వేరుకు.

రెండోది మన బోరు నీళ్ళు. నల్లగొండలోగానీ పాలమూరులోగానీ బోరు నీళ్ళు ఎక్కువచోట్ల కఠినంగా ఉంటాయి, ఆరినచోటల్లా తెల్లటి సున్నం పేరుకుంటుంది. గీజర్‌లో, స్టీలు బకెట్ అంచున చూసే ఆ తెలుపే జల్లెడ చిల్లుల్లోనూ పడుతుంది. మొదట్లో ముసురు వానలా పడే నీళ్ళు కొన్నాళ్ళకు నాలుగు వంకర ధారలుగా వస్తాయి. ఒక ధార మొక్క మీద, ఒకటి గోడ మీద, ఒకటి మీ కాలి మీద. అప్పుడు జల్లెడ ఊడదీసి, నిమ్మరసం పిండిన నీళ్ళలోనో వెనిగర్‌లోనో రాత్రంతా నానబెట్టండి. వేసిన కాసేపటికే చిన్న చిన్న బుడగలు లేస్తాయి, అది సున్నం కరుగుతున్న గుర్తు. పొద్దున్నే పాత టూత్ బ్రష్‌తో రుద్ది, ఇంకా మూసుకున్న చిల్లులను సూదితో బయటి వైపు నుంచి లోపలికి పొడవండి. వదిలిన పొక్కులను గొట్టం వైపు నుంచి కడిగేస్తే పోతాయి. ఇత్తడి జల్లెడైతే ఈ పని ఎన్నిసార్లు చేసినా చెదరదు. ప్లాస్టిక్‌ది సూది గట్టిగా గుచ్చితే చిల్లు పెద్దదైపోతుంది.

జల్లెడ ముఖం పైకి తిప్పి పోస్తే నీళ్ళు కాస్త పైకెగిరి మెత్తగా రాలతాయి. మొలకలకు అలాగే పోయాలి. కిందికి తిప్పితే సూటిగా, బలంగా పడతాయి. ఇంకో కిటుకు: క్యాన్ వంచగానే మొదట వచ్చే నీళ్ళు ముద్దగా పడతాయి, చివర్లో చుక్కలు కారతాయి. అందుకే మడి బయటే వంచడం మొదలుపెట్టి, జల్లు కుదిరాక మడి మీదికి తేవాలి, ఆపేటప్పుడు కూడా బయటికి తీసుకెళ్ళి ఆపాలి.

రేకుదా, ప్లాస్టిక్‌దా అంటే నేను ప్లాస్టిక్‌దే అంటాను, కానీ నీడలో పెట్టేవాళ్ళకు మాత్రమే. మన ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, రెండు వేసవులు డాబా మీదే వదిలేస్తే పిడి మొదట్లో చిట్లుతుంది. రేకు క్యాన్ ఎండను తట్టుకుంటుందిగానీ, ఖాళీదే బరువు. అతుకుల దగ్గర తుప్పు మొదలైతే ఆగదు. చూడ్డానికి మాత్రం అందంగా ఉంటుంది, అది ఒప్పుకోవాలి.

ఇక పైపు. బరువు మోసే పని లేదు కాబట్టి పైపే మేలని చాలామంది అనుకుంటారు. వాకిట్లో అయితే నిజమే. డాబా మీద మాత్రం ఒక చిక్కుంది, దాన్ని దుకాణంవాళ్ళు చెప్పరు. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి వచ్చే ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో. రెండంతస్తుల ఇంటి పైన ట్యాంకి ఉంటే వాకిట్లోని నల్లాకు ముప్పావు కిలో అటూ ఇటూ వస్తుంది. కానీ అదే ట్యాంకి పక్కన, డాబా మీద పైపు తగిలిస్తే? ట్యాంకి దిమ్మె ఎత్తు ఐదడుగులు అనుకుందాం. వచ్చే ప్రెషర్ కిలోలో ఆరో వంతు కూడా కాదు. రంగురంగుల స్ప్రే గన్‌లు చాలావాటికి రెండు కిలోల దరిదాపు ప్రెషర్ కావాలి. కాబట్టి డాబా మీద గన్ నొక్కితే జల్లు రాదు, చేతి మీదుగా కారుతుంది. గన్ పాడైందని తిట్టుకుని మార్చుకున్నా కొత్తది కూడా అంతే. పంపు పెట్టించకుండా డాబాకు గన్ కొనడం దండగ. అక్కడ పైపును క్యాన్లు నింపుకోవడానికి, పెద్ద కుండీలకు నేరుగా పెట్టడానికి వాడుకోండి చాలు.

గన్ లేకుండా పెట్టేటప్పుడు పైపు నీళ్ళ లెక్క తెలుసుకోవడం తేలికే. 15 లీటర్ల బకెట్ నిండడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. నిమిషన్నర పడితే నిమిషానికి పది లీటర్లు, అంటే లీటరున్నర కుండీకి 9 సెకన్లు. ఫోన్ మాట్లాడుతూ ఒక్కో కుండీ దగ్గర అర నిమిషం నిలబడేవాళ్ళు ఐదు లీటర్లు పోస్తున్నారన్నమాట. నీళ్ళతోపాటు వేసిన ఎరువు కూడా కింది రంధ్రంలోంచి పోతుంది. పైపుకు ఇదే పెద్ద దుర్గుణం, ఎంత పోశామో చేతికి తెలియదు.

ఎండాకాలంలో ఇంకో జాగ్రత్త. 50 అడుగుల అర అంగుళం పైపులో దాదాపు రెండు లీటర్ల నీళ్ళు నిలిచి ఉంటాయి. మధ్యాహ్నమంతా డాబా మీద ఎండలో పడి ఉన్న పైపులో అవి చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. సాయంత్రం పైపు విప్పి నేరుగా మల్లె మొదట్లో పెడితే వేళ్ళు ఉడికినట్టే. మొదటి రెండు లీటర్లు బకెట్‌లోకి వదిలి, చల్లారాక వాడుకోవాలి. పైపు కొనేటప్పుడు లోపల దారం అల్లిక ఉన్నది తీసుకోండి, ధర ఎక్కువైనా మలుపుల దగ్గర మడత పడదు.

వాకిట్లో జామ, నిమ్మ, కరివేపాకు లాంటి చెట్లున్నవాళ్ళకు పైపుతో పోటీ పడేది లేదు. పాదు వెడల్పుగా తీసి, పైపు అందులో పడేసి, నీళ్ళు నిండాక పక్క పాదుకు మార్చడమే. పాదు మొదలుకు ఆనుకుని కాక, కొమ్మల నీడ పడేంత దూరంలో ఉండాలి. క్యాన్‌తో చెట్టుకు పోయడం చెట్టుకూ చాలదు, మనిషికీ చేతకాదు.

ఊరికి పోయే నాలుగైదు రోజుల సంగతి వేరు. తలకిందులుగా గుచ్చిన ప్లాస్టిక్ సీసాలను నేను నమ్మను. వదులు మట్టిలో గంటలో ఖాళీ అవుతాయి, బిగిసిన మట్టిలో అసలు దిగవు. 2018లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెద పట్టినప్పుడు సెలైన్ సీసాలు వేలాడదీసి మందును చుక్కచుక్కగా ఎక్కించారు. అది నీళ్ళు పెట్టడం కాదు, వైద్యం. కానీ సెలైన్ గొట్టం మీద చుక్కను అదుపు చేసే ఆ చిన్న చక్రం కుండీలకూ పనికొస్తుంది. మెడికల్ షాపులో కొత్త సెలైన్ గొట్టం సెట్ కొని, సూది లేకుండా వాడండి. ఆసుపత్రిలో వాడి పారేసినవి ముట్టుకోవద్దు. బోరు నీళ్ళయితే ఒక గుడ్డలో వడపోసి నింపండి, లేకపోతే చుక్క ఆగిపోతుంది.

సొర, బీర పందిరికైతే మట్టికుండ మంచిది. మెడ వరకు పాతి, నీళ్ళు నింపి, మూత పెడితే గోడల్లోంచి చెమ్మ నెమ్మదిగా మట్టికి దిగుతుంది, వేళ్ళు కుండను చుట్టుకుంటాయి. పాత రంజన్ ఉంది కదా అని దాన్ని పాతకండి. నీళ్ళు చల్లబరచడం మానేసిందంటే దాని రంధ్రాలు సున్నంతో పూడుకుపోయాయన్నమాట. చల్లబరచలేనిది చెమ్మ కూడా ఇవ్వలేదు. రంగు, నునుపు పూత లేని కొత్త కుండ కావాలి. మూత మాత్రం మరవద్దు, నిలిచిన నీళ్ళలో దోమ గుడ్డు పెడితే వారం పది రోజుల్లో పిల్ల దోమలు లేస్తాయి. క్యాన్లకూ ఇదే వర్తిస్తుంది, వానాకాలంలో వాటిని బోర్లించి పెట్టండి.

ఏది కొన్నా బాగుచేయలేనిది ఒకటుంది, ఫ్లోరైడ్. బోరు నీళ్ళలో అది ఎక్కువున్న ఊళ్ళలో స్పైడర్ ప్లాంట్, డ్రసీనా ఆకుల కొసలు గోధుమ రంగుకు తిరుగుతాయి. నీళ్ళు తక్కువై ఎండుతున్నాయనుకుని ఇంకా పోస్తారు, ఇంకా ఎండుతాయి. ఆ రెండింటికీ నల్లాలో వచ్చే కృష్ణా నీళ్ళో, వాన నీళ్ళో ఒక చిన్న క్యాన్‌లో విడిగా పట్టి పోయండి.

ఇక డాబా మీద 30 కుండీలుండి, కొత్తగా సామాను కొనేవాళ్ళకు నా మాట ఇది. డబ్బులు మొదట పెట్టాల్సింది క్యాన్ మీద కాదు, ప్లంబర్ మీద. డాబా మీది ట్యాంకికి కింద ఒక నల్లా పెట్టించండి. మెట్ల మీద నీళ్ళు మోసే పని తప్పుతుంది, బరువు గొడవ సగం అక్కడే తీరుతుంది. ఆ తర్వాత ఊడే జల్లెడ ఉన్న ఐదు లీటర్ల క్యాన్లు రెండు. వాకిట్లో చెట్లుంటేనే పైపు. పది కుండీల లోపు ఉండి, అందులో ఆకుకూరలు లేకపోతే ఏమీ కొనకండి, జగ్గు, కొబ్బరి చిప్ప చాలు. ఆకుకూరలు ఒక్క మడి ఉన్నా, రెండు లీటర్ల సీసా మూతకు కాల్చిన సూదితో పది పన్నెండు చిల్లులు పెట్టి చూడండి. క్యాన్ అంత మెత్తగా పడదుగానీ, మెంతి మొలకలు కొట్టుకుపోవు. దుకాణానికి పోయేవాళ్ళు మాత్రం అక్కడే క్యాన్‌లో నీళ్ళు పోసి వంచి చూపించమని అడగండి. అతుకు కారుతుందా, గొట్టంలోంచి పొర్లుతుందా అన్నది రెండు నిమిషాల్లో తేలిపోతుంది. నీళ్ళు పోయనివ్వని దుకాణంలో కొనాల్సిన పనిలేదు.