వెనక బ్రేక్ పట్టేస్తుంటే కాలిపర్ సీల్ కిట్ సరిపోతుందా? చాలాకాలం వాడాక నా అభిప్రాయం

బ్రేక్ ప్యాడ్లను డిస్కుకు నొక్కి పట్టే భాగమే కాలిపర్, దానికి వేసే రబ్బరు సీళ్లు, తొడుగుల సెట్టే సీల్ కిట్. అది బాగుందో లేదో వేసిన వారానికే తెలియదు. వానలు, బురద, నెలల తరబడి బండి కదలకుండా ఉండటం, ఇవన్నీ గడిచాకే తెలుస్తుంది. నా కారు వెనక కుడి చక్రానికి వేసిన కిట్ ఇవన్నీ తట్టుకుంది. మొన్న ప్యాడ్లు మార్చేటప్పుడు చూస్తే స్లైడ్ పిన్లు (కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే పిన్లు) ఇప్పటికీ వేలితో తోస్తే జారుతున్నాయి, వాటి రబ్బరు బూట్లు, అంటే తొడుగులు, ఎక్కడా చిరగలేదు.

అయితే కిట్ కొనేముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి, లేకపోతే డబ్బు దండగ. బండి కాసేపు నడిపి ఆపాక ఒక చక్రం మాత్రమే విపరీతంగా వేడెక్కి ఉంటే అనుమానం అక్కడే. హ్యాండ్ బ్రేక్ వదిలేసి పని చేయాలి కాబట్టి ముందు చక్రాలకు గట్టిగా అడ్డు పెట్టి, వెనక భాగం జాకీతో లేపి, తప్పకుండా స్టాండ్ మీద ఉంచి, చక్రం తిప్పి చూడండి. పట్టేసి ఉంటే బ్లీడ్ స్క్రూ (కాలిపర్‌లోని బ్రేక్ ఆయిల్ బయటికి వదిలే స్క్రూ) కొద్దిగా వదులు చేయాలి. అప్పుడు ఆయిల్ చిమ్మి చక్రం తేలిగ్గా తిరిగిందా, ప్రెజర్ లోపలే ఆగిపోతోందన్నమాట, చాలాసార్లు కాలిపర్‌కి ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్ లోపల పాడవడమే కారణం, దానికి ఈ కిట్ పనికిరాదు. నా బండికి అలా జరగలేదు. హ్యాండ్ బ్రేక్ కేబుల్ విప్పినా తేడా లేదు. చివరికి కాలిపర్ తీస్తే కింది పిన్ తుప్పుతో బిగుసుకుపోయి ఉంది, లోపలి ప్యాడ్ బయటిదానికంటే బాగా అరిగిపోయింది.

కిట్‌తో పాటు సిలికాన్ బ్రేక్ గ్రీజు కొనండి, ఇందులో పిసినారితనం వద్దు. మామూలు బేరింగ్ గ్రీజు రాస్తే బ్రేక్ రబ్బర్లు ఉబ్బిపోయి పిన్ మళ్లీ పట్టేస్తుంది. కాలిపర్ లోపల ప్యాడ్‌ని నొక్కే పిస్టన్‌ని వెనక్కి లాగే స్ప్రింగ్ అంటూ ఏమీ ఉండదు, బ్రేక్ వేసినప్పుడు వంగిన సీల్ మళ్లీ సర్దుకుంటూ దాన్ని కాస్త వెనక్కి తెస్తుంది, అందుకే పాత సీల్ గట్టిపడితే బ్రేక్ పూర్తిగా వదలదు. హ్యాండ్ బ్రేక్ కాలిపర్‌లోనే ఉండే బండ్లలో చాలావాటికి పిస్టన్‌ని నొక్కుతూ తిప్పి లోపలికి పంపాలి. క్లాంప్ పెట్టి బలవంతంగా నొక్కితే లోపలి మెకానిజం పాడవుతుంది. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉంటే ముందు సర్వీస్ మోడ్‌లో (మోటారు పిస్టన్‌ని వదిలేసే సెట్టింగ్‌లో) పెట్టాలి.

నాకు నచ్చని విషయం ఒకటుంది. నేను కొన్న కిట్‌లో హ్యాండ్ బ్రేక్ లివర్ షాఫ్ట్ సీల్ లేదు. తర్వాత ఎడమ చక్రానిది పట్టేసింది అక్కడే, నీళ్లు దిగి షాఫ్ట్ తుప్పు పట్టింది, కేబుల్ విప్పేసినా లివర్ తన చోటికి రాలేదు. దానికి కొత్త కాలిపరే వేయించాను. పిస్టన్ మీద తుప్పు గుంటలు కనిపించినా అంతే, కొత్త సీల్ కూడా త్వరలోనే పాడవుతుంది.

మొత్తానికి పిన్లు, సీళ్ల సమస్యైతే ఈ కిట్ ధైర్యంగా కొనొచ్చు. డాట్ 3, డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీలుస్తుంది, కాబట్టి పనిలో పనిగా ఆయిల్ కూడా కొత్తది పోయించండి.