పాలమూరులో ఫంక్షన్ భోజనాలు: వంట మాస్టరా, లోకల్ క్యాటరింగా, హైదరాబాద్ నుంచి తెప్పించడమా?

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక కంపెనీలో అడ్మిన్ పని చూస్తాను. ఇల్లు మహబూబ్‌నగర్‌లో. ఆఫీసు ప్రోగ్రాం అయినా, ఇంట్లో దావత్ అయినా భోజనాల బాధ్యత నాదే. అందుకే తెలిసినవాళ్లు ఫోన్ చేసి "ఎవరికి చెప్తే బాగుంటది?" అని అడుగుతుంటారు. మా దగ్గర దారులు మూడు. వంట మాస్టర్‌ని పిలిచి సామాను మనమే తెచ్చి వండించడం, ప్లేట్ లెక్కన లోకల్ క్యాటరింగ్‌కు ఇవ్వడం, హైదరాబాద్ నుంచి పెద్ద క్యాటరర్‌ని మాట్లాడటం.

చాలామంది ముందు రేటు అడుగుతారు, తర్వాత మెనూ చూస్తారు. నేను ముందు అడిగేది వేరు. గంజు పొయ్యి మీది నుంచి దిగిన దగ్గర్నుంచి అన్నం ప్లేట్లో పడేదాకా ఎంతసేపు?

ఈ ప్రశ్న నాకు ఒక మే నెలలో తెలిసొచ్చింది. మా కంపెనీ వార్షికోత్సవానికి 400 మందికి రాత్రి భోజనం హైదరాబాద్ నుంచి తెప్పించాం. రుచి చూపించిన రోజు అన్నీ అద్భుతంగా ఉన్నాయి. కానీ ఎనిమిదింటికి వడ్డించే భోజనాన్ని వాళ్లు మధ్యాహ్నమే వండేసి బండికెత్తారు. వంద కిలోమీటర్ల దారి, సిటీ ట్రాఫిక్, రాయికల్ టోల్ దగ్గర ఆగడం, పైన పాలమూరు ఎండ. డబ్బా మూత తీయగానే మూతకు పట్టిన ఆవిరి నీళ్లు బిర్యానీ మీద జారాయి. పై మెతుకులు తడిసి ముద్దయ్యాయి, అడుగున నూనె చేరింది. పెరుగన్నం గిన్నె దగ్గరికి వంగితే పులిసిన వాసన. "వేడి చేసి పెడతాం సార్" అన్నాడు వాళ్ల సూపర్‌వైజర్. నేను ఒప్పుకోలేదు. పెరుగన్నం పక్కన పెట్టించాను, ఆరోజు ఆ కౌంటర్ ఖాళీగానే ఉంది.

ఎందుకు ఒప్పుకోలేదో చెప్తాను. వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నంతసేపు అందులో సూక్ష్మజీవులు పెరుగుతూనే ఉంటాయి. అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. మన దగ్గర ఎండాకాలంలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

అంతమాత్రాన హైదరాబాద్ వాళ్లు పనికిరారని కాదు. బయటి దేశాల నుంచి క్లయింట్లు వచ్చినప్పుడు, లైవ్ కౌంటర్లు, శిక్షణ ఉన్న స్టాఫ్ కావాల్సినప్పుడు వాళ్లే మేలు. ఒక్కటే షరతు: ఇక్కడికొచ్చి వండాలి. అలా వచ్చేవాళ్లు ఉన్నారు. నీళ్లు, షెడ్డు, 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు ఎవరు పెట్టాలో ముందే కాగితం మీద రాసుకోవాలి.

ఇక వంట మాస్టర్. మా చెల్లె ఎంగేజ్‌మెంట్‌కు 150 మంది. మాస్టర్ ఇంటికొచ్చి, చాప మీద కూర్చుని, ఏ కాగితం చూడకుండా లిస్టు చెప్తుంటే నేను రాసుకున్నాను. వంద మందికి బగారాకు 12 కిలోల బియ్యం, చికెన్ 18 కిలోలు, పుదీనా ఎన్ని కట్టలు, పచ్చి పులుసుకు చింతపండు ఎంత, అన్నీ నోటికే. చివర్లో లేచి వెళ్లి మా ఇంటి నల్లా తిప్పి, నీళ్లు దోసిట్లో పట్టి నోట్లో పోసుకున్నాడు.

"తమ్మీ, ఇవి బోరు నీళ్లు. వీటితోని పప్పు ఉడకది. భగీరథ నీళ్లు డ్రమ్ముల పట్టి పెట్టు."

భగీరథ అంటే మిషన్ భగీరథ, సర్కారు మంచినీళ్ల పథకం. ఆయన మాట నిజం. ఉప్పు బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పప్పును మెత్తబడనివ్వవు. ఎంతసేపు ఉడికించినా పలుకు పలుకుగానే ఉంటుంది. నల్లగొండ అయినా మనదైనా చాలా ఊళ్లలో ఇదే పరిస్థితి. బయటి నుంచి వచ్చేవాళ్లకు ఇది తట్టదు.

కట్టెల పొయ్యి మీద బగారా దమ్ముకు వేసి, మూత మీద నిప్పులు పోసి, దించిన పావుగంటకే వడ్డించారు. ఆ రుచి ఇంకెక్కడా రాదు. నూనె, మసాలా మనం తెచ్చినవే, మిగిలింది మనదే. కానీ ఇంటివాళ్లకు ఆరోజు కూర్చునే తీరిక ఉండదు. పెరుగు తక్కువైందని బావ బండేసుకుని ఉరికాడు. టెంట్ హౌస్ గిన్నెల లెక్క అప్పజెప్పే టెన్షన్‌లో అమ్మ ఉంగరాలు మార్చుకోవడం కూడా సరిగ్గా చూడలేదు. అది నాకు ఇప్పటికీ బాధే. వంద, నూటయాభై మంది దాకా, చేతికింద మనుషులుంటే మాస్టరే మేలు. అంతకు మించితే ఇంటివాళ్లను ఆ పనిలో దించకండి.

ఆఫీసులకు మాత్రం నా ఓటు లోకల్ క్యాటరింగ్‌కే. మార్చి 4న నేషనల్ సేఫ్టీ డేకు మా ఫ్యాక్టరీలో షిఫ్టుల వారీగా మూడు దఫాల భోజనం పెట్టాలి. వంటగది పది కిలోమీటర్ల లోపు ఉంటే మూడు దఫాలూ వేర్వేరుగా వండి పంపగలరు. బిల్లు వస్తుంది, దాని మీద 5 శాతం జీఎస్టీ ఉంటుంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఇచ్చే లైసెన్సు నంబర్ 14 అంకెలది, అడిగి చూడండి. అంతకన్నా ముఖ్యం, పని జరిగే వేళ చెప్పకుండా ఒకసారి వాళ్ల వంటగదికి వెళ్లండి. గిన్నెలు కడిగే చోటు చూస్తే చాలు, మిగతాది అర్థమైపోతుంది.

వీళ్లతో ఇబ్బంది ముహూర్తాల రోజుల్లో. మాఘం, ఫాల్గుణం, శ్రావణంలో ఒక్కో టీం ఒకే రోజు మూడు నాలుగు ఆర్డర్లు పట్టి, మనుషుల్ని పంచేస్తుంది. వడ్డించేవాళ్లు తక్కువై లైన్ ఆగిపోతుంది. "ఆరోజు మీకు ఇంకెన్ని ఆర్డర్లున్నాయి?" అని ముఖం మీదే అడగండి. ప్లేట్ల లెక్క కూడా ముందే తేల్చుకోండి. స్వీటు కోసం రెండో ప్లేటు తీసుకున్నా లెక్కలో పడుతుంది. నేను ప్లేట్లు టేబుల్ మీద పెట్టేముందే మనిషిని నిలబెట్టి లెక్కపెట్టిస్తాను, చివర్లో మిగిలినవి తీసేస్తాను.

ఈ శ్రావణంలో మా అన్న బిడ్డ ఓణీల ఫంక్షన్ ఉంది, 300 మంది. టిఫిన్లు, కూరలు, వడ్డన లోకల్ క్యాటరింగ్‌కు ఇచ్చాం. బగారా, మటన్ మాత్రం హాలు వెనక మాస్టరే వండుతాడు. అక్కడా బోరే ఉంది, అందుకే నీళ్ల ట్యాంకర్‌కు ఇప్పుడే చెప్పి పెట్టాను.